బొందలగడ్డ మస్టరు

మొదట్లో లింగమూర్తి గారిని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆయన గురించి గొప్పగా చెప్పబోతున్నాను కాబట్టి ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. పదింటికి నేను కిటికీ తలుపు తీసేసరికి అవతల ఆయన నిలబడి ఉండేవాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో రెక్సిన్ సంచి, డెబ్బై ఒక్క ఏళ్లకు కూడా వంగని నడుము. సంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టి, "నంబరేసి రసీదు ఇయ్యి బిడ్డా" అనేవాడు. రసీదు చేతిలో పడేదాకా కదిలేవాడు కాదు. ఫిర్యాదు ఎప్పుడూ ఒకదాని మీదే, పాత బాయి బొందలగడ్డ మీద.

మా గోదావరిఖని వైపు బొగ్గు గనిని బాయి అంటారు, సమాధిని బొంద అంటారు, శ్మశానాన్ని బొందలగడ్డ అంటారు. పాత బాయి మూతపడి చాలా ఏళ్లయింది. దాని పక్కనున్న బొందలగడ్డకు మాత్రం మనుషులు వస్తూనే ఉన్నారు. నేను సెంటినరీ కాలనీ క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని, మా నాన్న కూడా బాయి మనిషే. అయినా మూడేళ్ల కింద ఈ మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షనులో జూనియర్ అసిస్టెంటుగా చేరేవరకు నేను ఏ బొందలగడ్డ గేటూ దాటలేదు. చేరాక ఆయన దాటించాడు.

ఏం రాసేవాడంటే, దారి మీద కంప పెరిగిందని రాసేవాడు. బోరు మోటారు కాలిపోయి నలభై రోజులైందని, వచ్చినవాళ్లకు కాళ్లు కడుక్కునే నీళ్లు లేవని రాసేవాడు. గేటు గొళ్లెం ఊడిపోయిందని, మేకలు లోపలికొచ్చి పూలదండలు నమిలిపోతున్నాయని రాసేవాడు. ఒకసారి పిల్లలు అక్కడ క్రికెట్ ఆడుతున్నారని రాశాడు. నాకు చిర్రెత్తింది. "ఆడుకుంటే ఆడుకోనివ్వండి సార్, చనిపోయినవాళ్లకు ఏం ఇబ్బంది" అన్నాను.

"ఆడుకోనీ, ఎవలొద్దన్నరు. మా బాయి మీద పనిచేసిన ఓదెలు బొందరాయిని వికెట్లు చేసుకున్నరు. పాపం ఆయనకు బతికుండంగనే నడుం నొప్పి" అన్నాడు. ముఖంలో నవ్వు లేదు. నేను మాత్రం రసీదు రాస్తూ పెదవి కొరుక్కున్నాను.

తర్వాత తర్వాత తెలిసింది ఆయన సంగతి. ముప్పై ఏళ్లు పాత బాయి మీద మస్టరు రాసిన మనిషి. మస్టరంటే హాజరు పుస్తకం. షిఫ్టు మొదలయ్యే ముందు కిటికీ వెనక కూర్చుని పేరు పేరునా పిలవాలి. పలికినవాడికి హాజరు, పలకనివాడికి గైరుహాజరు, అంతే. ఆ బొందలగడ్డలో ఉన్నవాళ్లలో సగం మంది ఒకప్పుడు ఆయన కిటికీ ముందు నిలబడి పలికినవాళ్లే. భార్య కనకవ్వను కూడా ఆరేళ్ల కింద అక్కడే పెట్టాడు. రోజూ పొద్దున ఆరింటికి, అంటే ఫస్టు షిఫ్టు వేళకు, సంచి చంకన పెట్టుకుని వెళ్లి అన్ని వరసలూ ఒకసారి తిరిగి వస్తాడు. రిటైరై పన్నెండేళ్లయినా ఆయన డ్యూటీ దిగలేదన్నమాట.

పోయిన కార్తీకంలో బొందలగడ్డ గేటుకు నోటీసు పడింది. పడమటి వైపు కొత్తగా షెడ్డు, దారి వేస్తారు. ఆ జాగాలో నలభై ఒక్క బొందలు ఉన్నాయి. మనిషి పేరు రికార్డులో చూపించి, ఫలానా బొంద మాది అని ఇంటివాళ్లు రాసిస్తే దాన్ని అలాగే ఉంచి చుట్టూ గట్టు కడతారు, రికార్డులో ఉన్న పేరు చెక్కిన పలక పెడతారు. ఎవరూ రాసివ్వని వాటిని చదును చేస్తారు. గడువు మూడు వారాలు, చివరి సోమవారం సాయంత్రం ఐదింటి వరకు. మంగళవారం పొద్దున జేసీబీ వస్తుంది.

నోటీసు పడిన మర్నాటి నుంచి లింగమూర్తి గారు నా ప్రాణం తీశారు. తీశారు అని కోపంగా అంటున్నాను కానీ, నిజం చెప్పాలంటే ఆ మూడు వారాలంత హుషారుగా నేను ఉద్యోగంలో ఏనాడూ లేను. ఆయన మనుషులను పట్టుకొచ్చేవాడు, నేను పాత రిజిస్టర్లు దించేదాన్ని. బసంత్‌నగర్ నుంచి ఒక సిమెంటు లారీ డ్రైవరు వాళ్ల తాతను వెతుక్కుంటూ వచ్చాడు. పెద్దపల్లి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఒక్కొక్క పేరు దొరికినప్పుడల్లా నేను కుర్చీలోంచి లేచి "దొరికాడు" అనేదాన్ని, పక్క సెక్షనువాళ్లు తలలు తిప్పి చూసేవారు. చచ్చిపోయినవాళ్లు దొరికితే ఇంత సంబరం ఏంటని మా సూపరింటెండెంటు జగదీశ్వర్ సారు ఒకసారి అద్దాల మీదనుంచి చూశాడు. చూస్తే చూడనీ అనుకున్నాను.

చివరి గురువారానికి నలభై అయ్యాయి. మిగిలింది ఒక్కటి. మూడో వరసలో వేపచెట్టు పక్కన ఉన్న బొంద.

ఆ బొంద కోసం లింగవ్వ వచ్చింది. అరవై మూడు, అరవై నాలుగేళ్లు ఉంటాయి. ఆఫీసు మెట్లెక్కేటప్పుడే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. ఆధార్ కార్డు చూస్తే కేరాఫ్ అని కొడుకు పేరే ఉంది, ఉపేందర్. భర్త పేరు ఎక్కడా లేదు.

"మీ ఆయన పేరేంటమ్మా" అని అడిగాను.

ఆమె పేరు చెప్పలేదు. మా పక్క ఆ తరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. ఎడమ చేతి కొంగు పైకి జరిపి, ముంజేయి కిటికీలో పెట్టింది. దాని మీద పాత పచ్చబొట్టు, నీలం తిరిగిన మూడు అక్షరాలు. మొగిలి.

"గిదే బిడ్డా. నన్ను గూడ ఆయన పక్కపొంటనే పెట్టుమని కొడుక్కు చెప్పిన. జాగ గూడ సూసుకున్న. మిషిని పెట్టి దున్నితే నేనెక్కడికి పోవాలె" అంది.

ఏ సంవత్సరమో ఆమెకు తెలియదు. ఉపేందర్ అప్పుడు ఆరో తరగతి, శ్రావణంలో, కామెర్లతో దవాఖానలో పోయాడు, అంతే తెలుసు. ఉపేందర్ బడి కాగితం తెప్పిస్తే తొంభై ఆరు అని తేలింది. రిజిస్టరు దించాను. జూలై, ఆగస్టు, సెప్టెంబరు. మొగిలి లేడు. తొంభై ఐదు, తొంభై ఏడు కూడా చూశాను. మొగిలి అనేవాడు ఈ ఊళ్లో చచ్చిపోనే లేదు.

అన్ని బొందలకూ నా కంటే ముందు ఎగిరే లింగమూర్తి గారు ఈ ఒక్కదానికి మాత్రం బల్ల మీద కూర్చుని అద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు. నాకు అది వింతగానే అనిపించింది. "మీరు మస్టరు రాసినప్పుడు ఈ మొగిలి లేడా సార్" అని అడిగితే, "మస్టర్ల మొగిలి లేడు బిడ్డా" అన్నాడు. అబద్ధం కాదు. కానీ ఆ మనిషి నా కళ్లలోకి చూడకుండా మాట్లాడడం అదే మొదలు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా తెరవకుండా తొంభై ఆరు ఆగస్టు మళ్లీ వరసగా చదివాను. ఈసారి పేరు చూడడం మానేసి తండ్రి పేరు చూసుకుంటూ పోయాను. ఆగస్టు ఇరవై ఒకటి, కామెర్లు, బాయి కార్మికుడు, వయసు నలభై ఆరు, తండ్రి ఆగయ్య. లింగవ్వ అర్జీలో మొగిలి తండ్రి పేరు కూడా ఆగయ్యే. ఆ వరస మీద వేలు పెట్టి ఆపాను. పేరు గడిలో మాత్రం కొమురెల్లి అని ఉంది.

లింగవ్వ వరండాలోనే ఉంది, లింగమూర్తి గారు పక్కన ఉన్నారు. రిజిస్టరు ఎత్తుకుని పరుగెత్తాను.

"లింగవ్వా, కొమురెల్లి ఎవరు?"

"మా బావ. ఆయనకు అన్న."

"ఆయన కూడా మీ ఆయనతో పాటే, అదే శ్రావణంలో, కామెర్లతోనే పోయాడా?"

లింగవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "గదేం మాట బిడ్డా. ఆయనెందుకు సస్తడు. మొన్న పెత్రమాస పండుగకు ఊరికి పోతే నాకు చీర పెట్టిండు. పత్తి ఏరుతున్నడు గిప్పుడు."

నేను రిజిస్టరు వంక చూశాను, ఆమె వంక చూశాను. బల్ల మీద లింగమూర్తి గారు అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. "ఇగ దాస్తే లాభం లేదు లింగవ్వా. చెప్పమంటవా?" అని అడిగారు. ఆమె తల ఊపింది.

ఆయన చెప్పింది ఇది. ఎనభై రెండులో బాయి ఉద్యోగానికి కాగితం వచ్చింది అన్న కొమురెల్లికి. మెడికల్ పరీక్షకు అన్నదమ్ములిద్దరూ కలిసి వచ్చారు. వరసలో నిలబడ్డాక, అప్పుడే షిఫ్టు దిగి వస్తున్న మనుషుల ముఖాలు చూసి కొమురెల్లి వెనక్కి తిరిగాడు. నేను దిగను, చస్తే దిగను అని ఊరి బస్సెక్కాడు. కాగితం పోనివ్వడం ఎందుకని ఆ వరసలో తమ్ముడు మొగిలి నిలబడ్డాడు. అలా అన్న పేరు తమ్ముడికి అంటుకుంది. బాయిల దగ్గర ఇలాంటివి కొత్త కాదు. కంపెనీలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరుతో బతుకంతా గడిపినవాళ్లు మా కాలనీలోనే నాకు నలుగురు తెలుసు.

"మొదటి మూడు దినాలు కొమురెల్లీ అని పిలుస్తున్న, పలుకుతలేడు" అన్నారు లింగమూర్తి గారు. "కిటికి ముందటనే నిలబడ్డడు, దిక్కులు సూస్తున్నడు. మూడు గైరుహాజర్లు పడ్డయి. నాలుగోనాడు బయటికొచ్చి రెక్కపట్టి అడిగిన, నీ పేరు నీకే యాది లేదా అని. అప్పుడు చెప్పిండు. నేను పై ఆఫీసర్లకు చెప్పాలె. చెప్పలేదు. తెల్లారి సంది ఆయన పేరు వచ్చినప్పుడు పెన్నుతోని కిటికి చెక్క మీద టక్కున కొట్టేది. గప్పుడు పలికేటోడు. పద్నాలుగేండ్లు గట్లనే నడిచింది. దవాఖానల సచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, ఎవలికీ చెప్పనని మాట తీసుకున్నడు. దవాఖాన చీటి మీద గూడ కంపెనీ పేరే ఎక్కింది."

అందుకే ఆ రిజిస్టరులో మొగిలి లేడు. లింగవ్వ చేసిన పొరపాటు కూడా అప్పుడు అర్థమైంది. కంపెనీ గడపలో కంపెనీ పేరు, మిగతా అన్నిచోట్లా ఇంట్లో పిలిచే పేరు, ఇదే ఆమె నలభై ఏళ్లు పాటించిన పద్ధతి. బొందలగడ్డ కంపెనీది కాదు కదా అని ఇంట్లో పేరు చూపించింది.

నాకు సంతోషం ఆగలేదు. "అయితే పని అయిపోయినట్టే. పింఛను పుస్తకంలో నువ్వు కొమురెల్లి భార్యవే కదా. కొమురెల్లి పేరు మీద ఇప్పుడే రాసేద్దాం. వారం తిరిగేసరికి పలక వచ్చేస్తుంది" అన్నాను.

లింగవ్వ లేచి నిలబడింది. "ఏమంటున్నవ్ బిడ్డా. బతికున్న మనిషి పేరు బొంద మీద పెడుతరా? మా బావ పేరు? ఆయన ఇంటామె మా అక్కకు తెలిస్తే నెత్తి కొట్టుకోదా? నేను పెట్ట. పెట్టనంటె పెట్ట. మిషిని పెట్టి దున్నితే దున్ననియ్యి."

చెప్పులు తొడుక్కోకుండానే మెట్లు దిగిపోయింది. నేను వెంటపడి బతిమాలాను, గట్టిగా కూడా మాట్లాడాను. ఆమె మనసు మార్చుకోలేదు. నిజానికి నాకు వచ్చిన కోపం ఆమె మీద కాదు. ఆమె చెప్పింది సరైన మాటని నాకూ తెలుసు. రికార్డు ప్రకారం పోతే పలక మీద బతికున్నవాడి పేరు వస్తుంది, చచ్చినవాడి పేరు పెడదామంటే రికార్డు లేదు. ఏడవాలో నవ్వాలో తెలియక జగదీశ్వర్ సారు గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను. లింగమూర్తి గారు నా వెనకే వచ్చి, "తప్పు రాసింది నేను సార్. రాసియ్యిమంటే రాసిస్త" అన్నారు.

సారు అద్దాలు పైకి నెట్టుకున్నాడు. "ఈ బాయిల కాడ రెండు పేర్లు లేనోడు ఎవడున్నడు లింగమూర్తీ" అని, కాసేపు ఆలోచించి చెప్పాడు. మరణాల రిజిస్టరు ఆయన ముట్టుకోడు, అది ఎలా ఉందో అలాగే ఉంటుంది. పింఛను సంగతి ఆయనది కాదు, అడగడు. కానీ కొమురెల్లి అనే మనిషి బతికుండి తన ముందు నిలబడి, ఆ బొందలో ఉన్నది నేను కాదు నా తమ్ముడు అని వేలిముద్ర వేస్తే, లింగమూర్తి సాక్షి సంతకం పెడితే, పలక మీద మొగిలి అని రాయిస్తాడు. "సోమవారం ఐదింటి లోపట. ఐదు దాటినంక నన్ను అడగొద్దు" అన్నాడు.

మెట్ల కింద ఇంకా నిలబడి ఉన్న లింగవ్వ, మొగుడి పేరు బొంద మీద ఉంటుందన్న మాట వినగానే కొంగుతో ముఖం కప్పుకుంది. తర్వాత చెప్పింది అసలు చిక్కు. కొమురెల్లి గోదావరిఖనికి రాడు. ఆ వరసలోంచి పారిపోయిన రోజు నుంచి ఈ నలభై రెండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. తన పేరు ఇంకొకరికి ఇచ్చినందుకు పట్టుకుపోతారని భయం. ఫోను ఉంది కానీ కొత్త నంబరైతే ఎత్తడు, ఆఫీసు అనే మాట వింటే పెట్టేస్తాడు.

"పోదాం" అన్నాను. ఆదివారం సెలవు నాది. లింగమూర్తి గారు నా వైపు చూసి, "నీకెందుకమ్మా గింత ఫికర్" అన్నారు. నూట నలభై మూడు ఫిర్యాదులు ఇచ్చిన మనిషి నన్ను ఆ మాట అడిగాడు.

ఆదివారం పొద్దున నేనూ, లింగమూర్తి గారూ పెద్దపల్లి దాకా బస్సులో వెళ్లాం. స్టేషను దగ్గర అస్గర్ అనే అతని ఆటో మాట్లాడుకున్నాం. సంగతి వినేసరికి అతనికి కూడా హుషారు పుట్టి, దారిలో ఎక్కడా ఆపకుండా పన్నెండు కిలోమీటర్లు ఉరికించాడు. ఊరి బయట పత్తి చేను గట్టు మీద దిగాం. చేన్లో పొడుగ్గా, బక్కగా ఉన్న ముసలాయన పత్తి ఏరుతున్నాడు. ఆటో చూశాడు. లింగమూర్తి గారి తెల్లచొక్కా, జేబులో పెన్నులు, చంకలో సంచి చూశాడు. ఒడిలో ఉన్న పత్తి అక్కడే వదిలేసి కంది సాళ్లలోకి పరుగెత్తాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి అంత జోరుగా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"అరె, ఏ తో భాగ్ గయా" అని అస్గర్ చెప్పులు వదిలి ఇటు నుంచి ఉరికాడు. నేను అటు నుంచి ఉరికాను, చున్నీ కంపకు చిక్కుకుని చిరిగింది. కంది మనిషెత్తున ఉంది, ఎక్కడ నక్కాడో కనబడడు. లింగమూర్తి గారు మాత్రం గట్టు మీద నుంచి కదల్లేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మస్టరు పిలిచే గొంతుతో పిలిచారు.

"కొమురెల్లీ. తండ్రి ఆగయ్య."

ఆయన మళ్లీ పిలిచారు. "పద్నాలుగేండ్లు నీ పేరు పిలిచిన నేను. రోజూ నీ తమ్ముడే పలికిండు. ఒక్కనాడన్న నువ్వు పలుకు."

కాసేపటికి కంది కొమ్మలు కదిలాయి. ముసలాయన బయటికి వచ్చాడు, తల మీద రుమాలు తీసి చేతుల్లో నలుపుకుంటూ. "నువ్వేనా మస్టరు సారువు. తమ్ముడు చెప్పేటోడు" అన్నాడు. అక్కడే గట్టు మీద కూలబడి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. తమ్ముడు పోయినప్పుడు కూడా తాను రాలేదట. ఆ రోజు అక్కడ చచ్చింది కొమురెల్లి కదా, కొమురెల్లే వచ్చి పాడె మోస్తే ఎట్లా అని ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాడట. "తోడబుట్టినోని బొంద యాడున్నదో గూడ నాకు తెల్వది సారూ" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు. అస్గర్ అటు తిరిగి ఆటో అద్దం తుడుస్తూ నిలబడ్డాడు.

రేపు ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేస్తానని మాటైతే ఇచ్చాడు. నిజంగా వస్తాడా రాడా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సోమవారం ఎనిమిదింటికే ఆఫీసుకు పోయాను. అప్పటికే మెట్ల మీద ఉన్నాడు కొమురెల్లి. ఉతికిన పంచె, కొత్త రుమాలు, ఆ రుమాలు కొసన ముడివేసిన ఆధార్ కార్డు. మొదటి బస్సుకే వచ్చాడట. పక్కన లింగవ్వ, ఆమె పక్కన లింగమూర్తి గారు. నేను గంతేసినంత పని చేశాను.

అయితే జగదీశ్వర్ సారు మీటింగుకని పెద్దపల్లి వెళ్లాడు, నాలుగింటికి గాని రాడు. ఆ ఎనిమిది గంటలు మేము పడ్డ తిప్పలు చెప్పనలవి కాదు. పోలీసు జీపు రోడ్డు మీద పోతే చాలు, కొమురెల్లి లేచి బస్టాండు వైపు నడిచేవాడు. లింగమూర్తి గారు చెయ్యి పట్టి కూర్చోబెట్టేవారు. మూడోసారి లింగవ్వ బావ ముందు నిలబడి, "పోతే పో బావా. కానీ గీసారి పోతే మల్ల నా ఇంటి గడప తొక్కకు" అంది. ఆయన కూర్చున్నాడు, ఇక లేవలేదు. నాలుగు దాటింది. నాలుగున్నర. నేను గడియారం కేసి చూడడం మానేసి గేటు కేసి చూడడం మొదలుపెట్టాను. నాలుగూ నలభైకి సారు జీపు వచ్చింది.

సారు కుర్చీలో కూర్చోకుండానే ఫైలు విప్పాడు. "పేరు?"

కొమురెల్లి దిక్కులు చూశాడు. లింగమూర్తి గారు జేబులోంచి పెన్ను తీసి, బల్ల మీద టక్కున కొట్టారు.

"కొమురెల్లి. తండ్రి ఆగయ్య. నేనే సారూ. నేను సచ్చిపోలే" అన్నాడు ముసలాయన ఒక్క గుక్కలో. సెక్షను మొత్తం నవ్వింది. సారు కూడా నవ్వాడు. ఐదింటికి మూడు నిమిషాలు ఉండగా వేలిముద్ర పడింది. సాక్షి సంతకం లింగమూర్తి గారిది, దాని కింద తేదీ, సమయం కూడా వేశారు అలవాటుగా. నలభై ఒకటోదానికి నంబరు నేనే రాశాను. తొందరలో అంకె వంకరపోయింది.

మంగళవారం పొద్దున ఆరింటికి అందరం బొందలగడ్డకు పోయాం. జేసీబీ గేటు దగ్గర ఆగి ఉంది. రాతి పలక రావడానికి వారం పడుతుంది కాబట్టి, అప్పటిదాకా గుర్తుండాలని లింగమూర్తి గారు తెల్లరంగు డబ్బా తెచ్చి, వేపచెట్టు పక్కన రాయి మీద తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. మొగిలి, తండ్రి ఆగయ్య. లింగవ్వకు చదువు రాదు. రాయి పక్కన కూర్చుని, పచ్చబొట్టు చేతిని అక్షరాల కింద పెట్టి, ఒక్కొక్కదాన్నీ పోల్చి చూసుకుంది. మూడూ కలిశాయి. కొమురెల్లి రాయి మీద చెయ్యి పెట్టి, ఎంతసేపటికీ తియ్యలేదు.

లింగమూర్తి గారు సంచిలోంచి పాత నోటుబుక్కు ఒకటి తీశారు. నడుం నిలబెట్టి, పెన్ను పట్టుకుని, బొంద ఎదురుగా నిలబడ్డారు. "నీకు మూడు గైరుహాజర్లు పడ్డయి నా చేతుల. నీ పేరుతోని ఒక్కసారన్న పిలువలేదు" అన్నారు మెల్లగా. తర్వాత గొంతెత్తి, ఫస్టు షిఫ్టు వేళ పిలిచినట్టే పిలిచారు.

"మొగిలీ. తండ్రి ఆగయ్య."

గేటు దగ్గర జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆయన పెన్ను కాగితం మీద ఆనించి అలాగే నిలబడ్డారు.

లింగవ్వ రాయి పక్కనుంచి లేచి, కొంగు సర్దుకుంది.

"ఉన్నడు అన్నా" అంది. "రాసుకో."